ఒకే మెషీన్‌లో నాలుగైదు జావాలు: ఎస్‌డికెమ్యాన్‌తో వెర్షన్లు కలగాపులగం కాకుండా చూసుకోవడం

పాత ప్రాజెక్టు జావా 8 దాటి రానంటుంది. కొత్తది 21 లేనిదే బిల్డ్ కాదు. మధ్యలో ఇంకొకటి 17 దగ్గర ఆగి ఉంది. జేడీకేలను (జావా ప్రోగ్రాములను కంపైల్ చేసి నడిపే పనిముట్ల కట్టలను) ఒక్కొక్కటిగా డౌన్‌లోడ్ చేసి, ఏదో ఫోల్డర్లో విప్పి, టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే బాష్‌ఆర్‌సి ఫైల్లో ఒక లైను ముందు హ్యాష్ పెట్టి, ఇంకో లైను ముందు హ్యాష్ తీసేస్తూ కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. నాలుగు నెలలు గడిచేసరికి ఏ టెర్మినల్లో ఏ జావా నడుస్తోందో చెప్పడం ఎవరి తరమూ కాదు. 2018 మార్చిలో జావా 10 వచ్చినప్పటి నుంచి ఆర్నెల్లకో కొత్త వెర్షన్ వస్తోంది. దీర్ఘకాలం సపోర్టు ఉండే 8, 11, 17, 21, 25 మాత్రమే లెక్కేసుకున్నా అయిదు తేలుతున్నాయి. వీటిని కమాండ్ లైన్ నుంచే దింపుకోవడానికి, మార్చుకోవడానికి, తీసేయడానికి ఎస్‌డికెమ్యాన్ అనే వెర్షన్ మేనేజర్ బాగా పనికొస్తుంది. మేవెన్, గ్రేడిల్ లాంటి బిల్డ్ టూల్స్, కోట్లిన్, స్కాలా, గ్రూవీ లాంటి భాషలు కూడా అదే పద్ధతిలో పెట్టుకోవచ్చు.

ఒక సూచన. ఇక్కడ కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాం. టెర్మినల్లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎస్‌డికె అంటే మూడు అక్షరాలు, ఖాళీ లేకుండా. పాత్, జావా_హోమ్ అనే వేరియబుల్ పేర్లకు మాత్రం అన్నీ పెద్ద అక్షరాలు. ఇంకో సంగతి: ఆండ్రాయిడ్ టూల్స్‌తో వచ్చే ఎస్‌డికెమేనేజర్ పేరులో దగ్గరగా ఉన్నా అది పూర్తిగా వేరే పనిముట్టు.

ముందు షెల్ ఏం చేస్తుందో తెలియాలి

మీరు జావా అని కొట్టగానే షెల్ (టెర్మినల్లో కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్) పాత్ వేరియబుల్ తెరుస్తుంది. అందులో కోలన్లతో విడదీసిన ఫోల్డర్లను ఎడమ నుంచి వరసగా వెతుక్కుంటూ పోయి, మొదట ఎక్కడ దొరికితే అక్కడి జావాను నడుపుతుంది. వెర్షన్ మేనేజర్ ఏదైనా చివరికి చేసేది ఈ వరసలో తన ఫోల్డర్‌ను ముందుకు తేవడమే.

మేవెన్, గ్రేడిల్ మాత్రం ముందు జావా_హోమ్ (జావా ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే వేరియబుల్) చూస్తాయి. అది ఖాళీగా ఉంటేనే పాత్ వైపు వెళ్తాయి. అందుకే జావా వెర్షన్ అడిగితే 21 అని చెప్పే టెర్మినల్లోనే మేవెన్ 11తో బిల్డ్ చేస్తుంటుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకే చోటును చూపించాలి. ఎస్‌డికెమ్యాన్ రెండింటినీ కలిపి మారుస్తుంది. చేత్తో లైన్లు మార్చుకునేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది జావా_హోమ్‌నే.

పెట్టుకోవడం

కర్ల్, జిప్, అన్‌జిప్ ముందే ఉండాలి. ఉబుంటు, డెబియన్లలో ఇలా తెచ్చుకోవచ్చు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కర్ల్ జిప్ అన్‌జిప్

ఆ తర్వాత:

కర్ల్ -ఎస్ "హెచ్‌టిటిపిఎస్://గెట్.ఎస్‌డికెమ్యాన్.ఐఓ" | బాష్

నెట్ నుంచి వచ్చిన స్క్రిప్టును నేరుగా బాష్‌కు అప్పగించడం ఇష్టం లేకపోతే (ఆ జాగ్రత్త సరైనదే) ముందు ఫైలుగా దింపుకుని, చదివి, అప్పుడు నడపండి. రూట్ అనుమతి అక్కర్లేదు. అంతా మీ హోమ్ ఫోల్డర్లోని .ఎస్‌డికెమ్యాన్ అనే దాగి ఉన్న ఫోల్డర్లోకి వెళ్తుంది. విండోస్‌లో అయితే డబ్ల్యుఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) లోపల పెట్టుకుంటే మిగతా అంతా లినక్స్‌లో లాగే నడుస్తుంది.

ఇన్‌స్టాలర్ మీ బాష్‌ఆర్‌సి లేదా జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సి ఫైలు చివర్లో రెండు మూడు లైన్లు చేరుస్తుంది. ఇవి చివర్లోనే ఉండాలని పైన ఒక కామెంటు కూడా రాసి పెడుతుంది. దానికి కారణం ఉంది. ఆ లైన్ల కింద మీరు పాత్ ముందు ఇంకో జావా ఫోల్డర్ చేరిస్తే వరసలో అదే ముందుంటుంది. అప్పుడు ఎస్‌డికెమ్యాన్ ఏ వెర్షన్‌కు మార్చినా ఫలితం కనిపించదు. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ ఫైల్లో మీరు గతంలో రాసుకున్న జావా_హోమ్ లైన్లు ఉంటే తీసేయండి. తర్వాత కొత్త టెర్మినల్ తెరిచి చూడండి:

ఎస్‌డికె వెర్షన్

ఇక్కడొక విషయం గమనించాలి: ఎస్‌డికె అనేది డిస్కు మీద ఉన్న ప్రోగ్రామ్ కాదు, షెల్ ఫంక్షన్. టైప్ ఎస్‌డికె అని కొట్టి చూస్తే అది ఫంక్షన్ అనే జవాబు వస్తుంది. మీరు నిలబడ్డ షెల్ లోపలి పాత్‌ను మార్చాలంటే అలా ఉండక తప్పదు, ఎందుకంటే బయటి ప్రోగ్రామ్ ఏదీ తనను పిలిచిన షెల్ వేరియబుల్‌ను మార్చలేదు. కింద క్రాన్ (చెప్పిన వేళకు పనులను తనంతట తానే నడిపేది), స్క్రిప్టుల దగ్గర వచ్చే తిప్పలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

ఏది దింపుకోవాలి

ఎస్‌డికె లిస్ట్ జావా

జాబితా పేజీలుగా తెరుచుకుంటుంది. బయటికి రావడానికి క్యూ అక్షరం నొక్కాలి. చాలామంది ఇందులో వెర్షన్ కాలమ్ చూసి 21.0.4 అని కొడతారు, దొరకలేదని వస్తుంది. మీకు కావాల్సింది అన్నిటికంటే కుడివైపున్న ఐడెంటిఫైయర్ కాలమ్. 21.0.4-టెమ్ అన్నట్టు ఉంటుంది, హైఫన్ తర్వాతిది ఆ జేడీకేను కట్టిచ్చినవాళ్ల గుర్తు. టెమ్ అంటే ఎక్లిప్స్ అడాప్టియమ్ వాళ్ల టెమురిన్. ఎఎంజెడ్‌ఎన్ అంటే అమెజాన్ కొరెట్టో. జులు అజుల్ వాళ్లది, లిబ్‌ఆర్‌సిఎ బెల్‌సాఫ్ట్ వాళ్ల లిబెరికా, ఎంఎస్ మైక్రోసాఫ్ట్‌ది, గ్రాల్‌సిఇ గ్రాల్‌విఎమ్ కమ్యూనిటీ ఎడిషన్. వెర్షన్ తర్వాత .ఎఫ్ఎక్స్ అని కనిపిస్తే అందులో జావాఎఫ్ఎక్స్ కూడా కలిపి ఉందని అర్థం.

వీటిలో ఏది మంచిదని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. మీ సర్వర్ మీద ఏది నడుస్తోందో అదే మీ మెషీన్‌లోనూ పెట్టుకోండి. సర్వర్ సంగతి ఇంకా తేలకపోతే టెమురిన్‌తో మొదలుపెట్టండి.

ఎస్‌డికె ఇన్‌స్టాల్ జావా 21.0.4-టెమ్

ఈ అంకె ఉదాహరణకు మాత్రమే, మీ జాబితాలో ఇప్పుడు ఉన్నదాన్ని వేసుకోండి. ఐడెంటిఫైయర్ ఇవ్వకుండా ఎస్‌డికె ఇన్‌స్టాల్ జావా అని వదిలేస్తే ఎస్‌డికెమ్యాన్ తను సిఫారసు చేసే వెర్షన్ తెస్తుంది, అది మీకు కావాల్సింది కాకపోవచ్చు. మొదటిసారి పెట్టినది దానంతటదే డిఫాల్ట్ అవుతుంది. రెండోదాని నుంచి "దీన్ని డిఫాల్ట్ చేయమంటారా" అని అడుగుతుంది. అక్కడ ఊరికే ఎంటర్ కొడితే అవునన్నట్టే! పాత ప్రాజెక్టు కోసం జావా 8 దింపుతూ పరధ్యానంగా ఎంటర్ కొడితే, కొత్తగా తెరిచే ప్రతి టెర్మినల్‌కూ జావా 8 వచ్చి కూర్చుంటుంది. ఎన్ అని కొట్టి ముందుకు వెళ్లండి.

యూజ్, డిఫాల్ట్, ఎన్వ్: మూడింటి తేడా

వెర్షన్ మార్చడానికి మూడు దారులు ఉన్నాయి. ఒక్కోదాని పరిధి ఒక్కో రకం. గందరగోళం ఎక్కువగా ఈ తేడా తెలియకే.

రెండు టెర్మినళ్లు పక్కపక్కనే తెరవండి. డిఫాల్ట్ 21 అనుకుందాం. ఎడమవైపు దాంట్లో

ఎస్‌డికె యూజ్ జావా 17.0.12-టెమ్

అని కొట్టి, రెండింటిలోనూ జావా -వెర్షన్ అడగండి. ఎడమది 17 అంటుంది, కుడిది 21 అంటుంది. యూజ్ మార్చేది ఆ ఒక్క షెల్ పాత్‌ను, జావా_హోమ్‌ను మాత్రమే. టెర్మినల్ మూసేస్తే అది కూడా పోతుంది. ఇప్పుడు కుడివైపు దాంట్లో

ఎస్‌డికె డిఫాల్ట్ జావా 11.0.24-టెమ్

అని కొట్టండి. (పై రెండూ ముందే ఇన్‌స్టాల్ అయి ఉండాలి.) ఈసారి మారింది డిస్కు మీద ఉన్న ఒక సింబాలిక్ లింకు (ఇంకో ఫోల్డర్ వైపు చూపించే గుర్తు): ~/.ఎస్‌డికెమ్యాన్/క్యాండిడేట్స్/జావా/కరెంట్. ప్రతి కొత్త షెల్‌కూ పాత్‌లో వెళ్లేది ఈ కరెంట్ ఫోల్డరే కాబట్టి, అది ఎటు తిరిగితే అన్నీ అటే తిరుగుతాయి. అప్పటికే తెరిచి ఉన్న మూడో టెర్మినల్ కూడా 11కి మారిపోతుంది. ఎడమవైపుది మాత్రం 17 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే యూజ్ దాని పాత్‌లో కరెంట్‌ను తీసేసి 17 ఫోల్డర్ పేరునే రాసింది. ఒక టెర్మినల్లో పెద్ద బిల్డ్ నడుస్తుండగా ఇంకోదాంట్లో డిఫాల్ట్ మార్చకండి. బిల్డ్ మధ్యలో కరెంట్ ద్వారా కొత్తగా మొదలయ్యే ప్రాసెస్ వేరే జావాను అందుకుంటుంది, ఆ తర్వాత వచ్చే ఎర్రర్లకు తలా తోకా ఉండదు.

మూడో దారి ప్రాజెక్టు ఫోల్డర్‌కు సంబంధించినది. రోజూ వాడాల్సింది ఇదే. ప్రాజెక్టు మూల ఫోల్డర్లోకి వెళ్లి ఇలా కొట్టండి:

ఎస్‌డికె ఎన్వ్ ఇనిట్

(ఎన్వ్ అంటే ఇ, ఎన్, వి.) అక్కడ .ఎస్‌డికెమ్యాన్‌ఆర్‌సి అనే చిన్న ఫైలు తయారవుతుంది. దాంట్లో కామెంట్లు పోగా ఒక్క లైనే ఉంటుంది:

జావా=21.0.4-టెమ్

ఈ ప్రాజెక్టుకు ఏది కావాలో అది రాసి గిట్‌లో చేర్చేయండి. ఇక ఏ వెర్షన్ అన్నది ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. టీములోకి కొత్తగా వచ్చినవాళ్లు కోడ్ దింపుకుని ఎస్‌డికె ఎన్వ్ ఇన్‌స్టాల్ అంటే లేనివి దిగుతాయి, ఆ షెల్ కూడా వాటికి మారుతుంది. ఆ తర్వాత రోజూ ఎస్‌డికె ఎన్వ్ అంటే చాలు. పని అయ్యాక ఎస్‌డికె ఎన్వ్ క్లియర్ అంటే మళ్లీ డిఫాల్ట్‌కు వస్తుంది.

ప్రతిసారీ కొట్టడం కూడా ఎందుకనుకుంటే ఎస్‌డికె కాన్ఫిగ్ తెరిచి, ఎస్‌డికెమ్యాన్_ఆటో_ఎన్వ్ అన్నదాన్ని ట్రూ చేసి, కొత్త టెర్మినల్ తెరవండి. ఫోల్డర్లోకి వెళ్లగానే వెర్షన్ మారుతుంది, బయటికి రాగానే వెనక్కి వస్తుంది. కానీ ఒక లోటుంది: అది మీరున్న ఫోల్డర్లో మాత్రమే ఆ ఫైలు కోసం చూస్తుంది, పై ఫోల్డర్లకు ఎక్కి వెతకదు. హోమ్ నుంచి ఒకేసారి ప్రాజెక్టు లోపలి ఎస్‌ఆర్‌సి ఫోల్డర్లోకి దూకితే ఏమీ మారదు. ముందు మూల ఫోల్డర్లో అడుగుపెట్టి లోపలికి వెళ్తే సరిపోతుంది.

ఫైల్లో గ్రేడిల్, మేవెన్ వెర్షన్లు కూడా రాయవచ్చు. అయినా వాటికి మా ఓటు ర్యాపర్లకే. గ్రేడిల్‌డబ్ల్యు, ఎంవిఎన్‌డబ్ల్యు స్క్రిప్టులు ప్రాజెక్టులోనే ఉంటాయి, ఎస్‌డికెమ్యాన్ లేని మెషీన్‌లోనూ సరైన వెర్షన్ తెచ్చుకుంటాయి. ఎస్‌డికెమ్యాన్‌కు జేడీకే అప్పగించి, బిల్డ్ టూల్‌ను ర్యాపర్‌కు వదిలేయండి.

తేడా కొట్టినప్పుడు

ముందు ఈ నాలుగూ అడగండి, ఈ వరసలోనే:

ఎస్‌డికె కరెంట్ జావా
టైప్ -ఎ జావా
ఎకో $జావా_హోమ్
ఎంవిఎన్ -వెర్షన్

రెండోది పాత్‌లో దొరికే జావాలన్నిటినీ వరసలో చూపిస్తుంది. మొదటి లైను .ఎస్‌డికెమ్యాన్ ఫోల్డర్‌ది కాకపోతే దొంగ దొరికినట్టే: బాష్‌ఆర్‌సిలో ఎస్‌డికెమ్యాన్ లైన్ల కింద ఎవరో పాత్ ముందు ఏదో చేర్చారు. నాలుగోది మేవెన్ నిజంగా వాడుతున్న జావా వెర్షన్‌ను, అది ఉన్న చోటును చెప్తుంది. గ్రేడిల్ ప్రాజెక్టయితే గ్రేడిల్.ప్రాపర్టీస్ ఫైల్లో ఓఆర్‌జి.గ్రేడిల్.జావా.హోమ్ అనే లైను ఉందేమో చూడండి. హోమ్ ఫోల్డర్లోని .గ్రేడిల్ లోపల కూడా అదే పేరుతో ఒక ఫైలు ఉండవచ్చు. ఆ లైను ఉంటే జావా_హోమ్ మాట చెల్లదు.

క్లాస్ ఫైల్ వెర్షన్ ఎర్రర్లు రెండు రకాలు, పైకి ఒకేలా కనిపిస్తాయి. అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్ వచ్చిందంటే కొత్త జావాతో కంపైల్ చేసినదాన్ని పాతదాంతో నడుపుతున్నారని. అందులో కనిపించే అంకెలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది: 52 అంటే 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. అలా కాకుండా గ్రేడిల్ మొదలవుతూనే "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అంటే తప్పు మీ కోడ్‌లో లేదు. ఆ గ్రేడిల్‌కు అంత కొత్త జావాను చదవడం రాదు. జావా 17 మీద నడవాలంటే గ్రేడిల్ కనీసం 7.3 ఉండాలి, 21 మీద నడవాలంటే 8.5. గ్రేడిల్‌ను పైకి తీసుకెళ్లండి, కుదరకపోతే జావాను కిందికి దించండి.

జావా మార్చినప్పుడు గ్రేడిల్ సాధారణంగా కొత్త డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రాసెస్) తెరుచుకుంటుంది, పాతది మెమరీలో అలాగే ఉండిపోతుంది. రోజుకు మూడు వెర్షన్లు మార్చేవాళ్ల మెషీన్ నెమ్మదించడానికి ఇదొక కారణం. గ్రేడిల్ --స్టాప్ కొడితే ఆ గ్రేడిల్ వెర్షన్ డీమన్లన్నీ ఆగిపోతాయి.

స్క్రిప్టులో, క్రాన్‌లో "ఎస్‌డికె కమాండ్ దొరకలేదు" అని వస్తే పైన చెప్పిన ఫంక్షన్ సంగతి గుర్తు తెచ్చుకోండి. క్రాన్ మీ బాష్‌ఆర్‌సి చదవదు. స్క్రిప్టు పైన మీరే చదివించినా, ఉబుంటు ఇచ్చే బాష్‌ఆర్‌సి మొదటి లైన్లలోనే, ఎదురుగా మనిషి కూర్చుని నడపని షెల్ అయితే, అక్కడికక్కడే వెనక్కి తిరుగుతుంది. చివరి లైన్ల దాకా పోదు. కాబట్టి స్క్రిప్టులో నేరుగా ఎస్‌డికెమ్యాన్ ఫైలునే పిలవాలి:

సోర్స్ "$హోమ్/.ఎస్‌డికెమ్యాన్/బిన్/ఎస్‌డికెమ్యాన్-ఇనిట్.ఎస్‌హెచ్"

స్క్రిప్టులో సెట్ -యు ఉంటే ఈ లైను దగ్గరే అన్‌బౌండ్ వేరియబుల్ అని ఆగవచ్చు. దానికి ముందు సెట్ +యు పెట్టి, తర్వాత మళ్లీ -యు పెట్టుకోండి. డాకర్ ఫైల్లో రన్ లైన్లు మామూలుగా ఎస్‌హెచ్‌తో నడుస్తాయి, బాష్‌తో కాదు. అందుకే బాష్ -సి అని పిలిచి, సోర్స్‌నూ ఇన్‌స్టాల్‌నూ ఒకే లైన్లో కలపాలి. ఇలాంటి చోట ప్రశ్నలకు జవాబిచ్చే మనిషి ఉండడు కాబట్టి కాన్ఫిగ్‌లో ఎస్‌డికెమ్యాన్_ఆటో_ఆన్సర్ ట్రూ చేయండి. సుడో పెట్టి జావా నడిపితే వేరే వెర్షన్ వచ్చినా ఆశ్చర్యం లేదు, సుడో సాధారణంగా తన సొంత పాత్ వాడుతుంది. సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) సర్వీసుకైతే జావా పూర్తి దారి రాయండి, కరెంట్ కాకుండా వెర్షన్ పేరుతో ఉన్న ఫోల్డర్‌ది. ఆ దారిని ఇలా అడిగి తెలుసుకోవచ్చు:

ఎస్‌డికె హోమ్ జావా 21.0.4-టెమ్

ఐకాన్ నొక్కి తెరిచిన ఐడీఈకి (కోడ్ రాసుకునే ఎడిటర్‌కు) మీ టెర్మినల్లో ఏం జరిగిందో తెలియదు. ప్రాజెక్టు సెట్టింగుల్లో జేడీకే చోటుగా ఇదే దారి ఇవ్వండి. ఇక్కడ కూడా కరెంట్ ఇవ్వకండి, ఇంకో ప్రాజెక్టు కోసం డిఫాల్ట్ మార్చిన రోజున ఇది కూడా మారిపోతుంది. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్ మ్యాక్ ఫైల్ కిటికీలో కనిపించకపోతే కమాండ్, షిఫ్ట్, చుక్క మీటలు కలిపి నొక్కండి.

మూడు నెలలకోసారి

జావా భద్రతా సవరణలు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో వస్తాయి. కొత్తవి చేరినకొద్దీ పాతవి ఎస్‌డికెమ్యాన్ జాబితాలోంచి తప్పుకుంటాయి. మీ మెషీన్‌లో ఉన్నది ఉంటుంది, జాబితాలో లోకల్ ఓన్లీ అని కనిపిస్తుంది. కానీ .ఎస్‌డికెమ్యాన్‌ఆర్‌సిలో అదే పాత అంకె ఉంటే కొత్త లాప్‌టాప్‌లోనూ, సీఐలోనూ (కోడ్‌ను తనంతట తానే బిల్డ్ చేసే సర్వర్‌లోనూ) ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. నిన్నటిదాకా నడిచిన బిల్డ్ ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఇవాళ పడిపోయిందంటే ముందు ఇది చూడండి. మూడు నెలలకోసారి ఆ ఒక్క లైను మార్చి కమిట్ చేయడం అలవాటు చేసుకోండి.

పాత సవరణే కచ్చితంగా కావాలంటే ఆ ఆర్కైవ్‌ను మీ దగ్గరే దాచుకుని, విప్పి, ఇలా చేర్చండి:

ఎస్‌డికె ఇన్‌స్టాల్ జావా 17-లోకల్ /ఓపిటి/జేడీకే-17

ఇది కాపీ చేయదు, లింకు మాత్రమే పెడుతుంది, అసలు ఫోల్డర్‌ను కదిలిస్తే తెగిపోతుంది. మ్యాక్‌లో అయితే దారి చివర కంటెంట్స్/హోమ్ దాకా ఇవ్వాలి.

వెర్షన్ మార్చగానే పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్ అనే ఎర్రర్ వస్తే కారణం ఇది: ప్రతి జేడీకేకు లిబ్/సెక్యూరిటీ లోపల (జావా 8లో జేఆర్‌ఈ/లిబ్/సెక్యూరిటీ లోపల) తన సొంత క్యాసర్ట్స్ ఫైలు, అంటే తను నమ్మే సర్టిఫికెట్ల జాబితా, ఉంటుంది. సంస్థ లోపలి సర్టిఫికెట్‌ను కీటూల్‌తో పాతదాంట్లో చేర్చి ఉంటారు, కొత్తదాంట్లో అది ఉండదు. దింపిన వెంటనే మళ్లీ చేర్చేలా రెండు లైన్ల స్క్రిప్టు ఉంచుకోండి. ఎస్‌డికెమ్యాన్ డౌన్‌లోడ్లే సర్టిఫికెట్ దగ్గర ఆగుతుంటే ఎస్‌డికెమ్యాన్_ఇన్‌సెక్యూర్_ఎస్‌ఎస్‌ఎల్ ట్రూ చేయాలనిపిస్తుంది. అది చేయకండి. కర్ల్‌కు ఆ సర్టిఫికెట్ చూపించండి.

ఎస్‌డికె అప్‌గ్రేడ్ అన్న కమాండ్‌తో జావా విషయంలో జాగ్రత్త. అది మీరున్న 17లోనే కొత్త సవరణ వెతకదు, ఎస్‌డికెమ్యాన్ సిఫారసు చేసే వెర్షన్ వైపు లాగుతుంది. సవరణను జాబితాలో చూసి మీరే దింపుకోండి.

ఒక్కో జేడీకే విప్పాక దాదాపు 300 ఎంబీ తింటుంది. ఏది ఎంత ఉందో చూడడానికి:

డియు -ఎస్‌హెచ్ ~/.ఎస్‌డికెమ్యాన్/క్యాండిడేట్స్/జావా/*

అక్కర్లేనివి ఎస్‌డికె అన్‌ఇన్‌స్టాల్ జావా అని ఐడెంటిఫైయర్ ఇచ్చి తీసేయండి. తీసేది డిఫాల్ట్ అయితే ముందు ఇంకోదాన్ని డిఫాల్ట్ చేయండి. దాన్ని ఐడీఈలోనో, సిస్టమ్‌డి ఫైల్లోనో పూర్తి దారితో రాసి ఉంటే అక్కడ కూడా మార్చాలి. డౌన్‌లోడ్ల మిగులు ఎస్‌డికె ఫ్లష్‌తో పోతుంది. మొత్తం ఎస్‌డికెమ్యానే వద్దనుకుంటే .ఎస్‌డికెమ్యాన్ ఫోల్డర్ తుడిచేసి, బాష్‌ఆర్‌సి చివరి లైన్లు తీసేస్తే చాలు.